సోలో ఆర్‌పీజీలో పాత్రలో నిలబడటం: అపోహలు - వాస్తవాలు

రాత్రి పదిన్నర దాటి, గిన్నెలు సర్దడం అయ్యాక డైనింగ్ టేబుల్ నాది. ఒక నోట్‌బుక్, పెన్సిల్, పది ముఖాల డైస్ రెండు, ఆరు ముఖాలది ఒకటి. మా అమ్మ మంచినీళ్లకి లేచినప్పుడల్లా "ఒక్కడివే ఎవరితో ఆడుతున్నావురా?" అంటుంది. నవ్వి ఊరుకుంటాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ ఆర్‌పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, బల్ల దగ్గర కూర్చుని పాత్రలుగా ఆడే కథల ఆట. గ్రూపుగా ఆడితే ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుంటారు. లోకం ఎలా ఉందో, ఎదుటివాళ్లు ఏమంటున్నారో ఆయన చెబుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్రను నడుపుతారు. సోలోలో ఆయన ఉండడు. ఆయన కుర్చీలో ఒరాకిల్ ఉంటుంది, అంటే అవును-కాదు ప్రశ్న వేసి డైస్ దొర్లిస్తే జవాబిచ్చే పట్టిక. ఊళ్లో పెళ్లి సంబంధం కుదుర్చుకోవాలా వద్దా అని దేవుడి ముందు ఎర్రపువ్వొకటి, తెల్లపువ్వొకటి పొట్లాలు కట్టి చిన్నపిల్ల చేత తీయిస్తారు చూడండి, ఇంచుమించు అదే పని. తేడా ఏంటంటే ఇక్కడ రాత్రికి ఓ ముప్ఫై పొట్లాలు విప్పుతాం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే: "కాసేపటికి పాత్ర పోయి నేనే మిగులుతున్నాను, ఏం చేయాలి?" నాకూ అదే జరిగింది. నా మొదటి క్యాంపెయిన్‌లో, అంటే రాత్రుల తరబడి సాగే కథలో, హీరో ఒక కిరాయి సైనికుడు, కోపిష్టి, పిసినారి. నాలుగో రాత్రికల్లా వాడు అందరితో మర్యాదగా మాట్లాడుతూ, ప్రతి తలుపు తెరిచేముందు మూడుసార్లు ఆలోచిస్తూ, అనవసరంగా ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా తిరుగుతున్నాడు. అంటే నేనే, కత్తి పట్టుకుని. అప్పుడు నాకు చెప్పిన సలహాల్లో సగం అపోహలే.

అపోహ: పాత్రలో ఉండటం అంటే నటించడం, గొంతు మార్చడం, "నేను" అని మాట్లాడటం.

స్కూల్ యానివర్సరీలో అట్టగద భుజాన వేసుకుని దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. ఆ మీసం, ఆ గొంతు, ఆ అడుగులు ఎదురుగా కూర్చున్నవాళ్ల కోసం. ఇక్కడ ఎదురుగా ఫ్రిజ్ తప్ప ఏమీ లేదు. చూసేవాళ్లే లేనప్పుడు నటనలో మిగిలేది ఒక్కటే, నిర్ణయం. ఈ పరిస్థితిలో, వీడికి తెలిసిన దాంతో, వీడికి కావలసిన దాని కోసం, వీడు ఏం చేస్తాడు? అది సరిగ్గా పట్టుకుంటే "అతను ఆగాడు, వెనక్కి చూశాడు" అని ప్రథమ పురుషలో రాసుకున్నా పాత్రలో ఉన్నట్టే. నేను అలాగే రాస్తాను. గొంతు మార్చి గట్టిగా మాట్లాడేవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఇష్టం, గోడలు మందంగా ఉంటే చాలు.

కాకపోతే భాష మాత్రం పని చేస్తుంది, ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. రూల్‌బుక్కులన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి క్యారెక్టర్ షీట్ కూడా ఇంగ్లిష్‌లోనే నింపేసి, పాత్రతో కూడా సగం ఆఫీసు భాషే మాట్లాడించేవాణ్ణి. ఇప్పుడు నడుపుతున్నవాడి పేరు నాగులు, ఏటి మీద పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, నడిపేవాడు. ఒక రాత్రి వాడి నోట "ముందు ఆప్షన్స్ ఏమున్నాయో చూద్దాం" అని రాశాను. రాసి చదువుకుంటే నవ్వాగలేదు. పొద్దున మీటింగులో నేనన్న మాట అది. అప్పటినుంచి నాగులుకి మా తాతగారి ఊరి మాట ఇచ్చాను. వాక్యంలోకి నా ఆఫీసు తెలుగు దూరిందంటే, వాడు పక్కకి జరిగి నేను కూర్చున్నానని వెంటనే తెలిసిపోతోంది.

అపోహ: కథ నడిపేదీ నువ్వే, ఆడేదీ నువ్వే. అన్నీ ముందే తెలిశాక పాత్రలో ఎలా ఉంటావు?

ఇది మిగతావాటిలా కొట్టిపారేసే అపోహ కాదు, ఇందులో పస ఉంది. అందుకే జరిగిన సీన్ ఒకటి పూర్తిగా చెబుతాను.

నేను ఆడేది ఐరన్‌స్వార్న్, షాన్ టామ్కిన్ 2018లో తెచ్చిన గేమ్, పీడీఎఫ్ ఉచితం. అందులోని లోకం చలిప్రాంతం. నేను దాన్ని పక్కనపెట్టి ఒక ఏటిగట్టు మీద ఆడుతున్నాను. కనిపించకుండా పోయిన తమ్ముణ్ణి వెతికి తెస్తానని నాగులు ఇనుము పట్టుకుని ప్రమాణం చేశాడు. వాడికి చదువు రాదు. ఆ ముక్క మొదటిరోజే పాత్ర వివరాల కార్డు మీద రాసి, తర్వాత మర్చిపోయాను.

షావుకారు గోదాములో నాగులు ఒక పెట్టె తెరిచాడు. లోపలేముందో డైస్ దొర్లించి, మాటలిచ్చే ఇంకో పట్టికలో చూస్తే రెండు మాటలు వచ్చాయి: ద్రోహం, సందేశం. నాకు క్షణంలో కథంతా వెలిగింది. అది ఉత్తరం, తమ్ముణ్ణి అమ్మింది షావుకారే, ఎవరికి అమ్మాడో అందులో ఉంది. పెన్సిల్ అప్పటికే "నాగులు ఉత్తరం చదివి" దాకా వెళ్లిపోయింది. అక్కడ కార్డు గుర్తొచ్చి ఆగాను. చదవడం రానివాడు ఎలా చదువుతాడు?

కొట్టేశాను. మరి వాడికి ఏం కనిపిస్తుంది? కాగితం, దాని మీద లక్క ముద్ర, ముద్రలో చేప బొమ్మ. చేప బొమ్మ అని ఎందుకు రాశానో తెలియదు, చెయ్యి రాసింది. కానీ రాశాక నాగులు గుర్తుపట్టాడు: ఆ చేప ముద్ర ఉన్న బస్తాలు పోయిన వానాకాలం వాడే తన పుట్టిలో ఏరు దాటించాడు, కూలి కూడా తీసుకున్నాడు. ఇది నేను అనుకున్న కథలో లేదు. నాకు తెలిసినదాన్ని వాడికి తెలియకుండా ఆపితే, వాడికి మాత్రమే తెలిసినది ఒకటి బయటపడింది.

ఇక ఉత్తరం చదివేవాడు కావాలి. ఊళ్లో కరణం ఉన్నాడు. ఒరాకిల్‌ని అడిగాను: కరణం ఉన్నది ఉన్నట్టు చదువుతాడా? సగం సగం అవకాశం పెట్టుకున్నాను, అంటే ఈ గేమ్‌లో వందకి 51 లేదా ఆపైన వస్తే అవును. 38 వచ్చింది. కాదు. కాబట్టి కరణం కాగితాన్ని దీపం దగ్గరికి జరుపుకుని, "ఉప్పు బస్తాల లెక్కరా ఇది, నీకెందుకు" అన్నాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని నాకు తెలుసు. నాగులుకి తెలియదు. వాడు దండం పెట్టి, రెండు చేపలు అరుగు మీద పెట్టి, ఉప్పు దొరికే దిక్కుకి, అంటే సరిగ్గా తప్పు దిక్కుకి బయల్దేరాడు. మూడు రాత్రులు అటే నడిపించాను. ప్రతి మలుపులోనూ వెనక్కి తిప్పాలని చేతులు దురద పెట్టాయి, అబద్ధమెందుకు.

దీనికి నేను చేసేది పెద్ద కిటుకేమీ కాదు. పేజీ మధ్యలో గీత గీస్తాను. ఎడమవైపు నాకు తెలిసినవి, కుడివైపు నాగులుకి తెలిసినవి. ఏదైనా కుడివైపుకి దాటాలంటే ఎవరో చెప్పాలి, లేదా వాడి కంటపడాలి. నిర్ణయం తీసుకునేటప్పుడు ఎడమ సగం మీద అరచెయ్యి పెట్టి మూసేస్తాను. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ పని చేస్తుంది. కాబట్టి అన్నీ తెలియడం ఇబ్బంది కాదు, తెలిసినవన్నీ ఒకే కుప్పలో వేయడం ఇబ్బంది.

అపోహ: డైస్ ఏం చెబితే అదే, పాత్ర మనసు కూడా డైసే చెప్పాలి.

వద్దు. లోకం గురించి డైస్‌ని అడగండి. తలుపు గడియ పెట్టి ఉందా, కాపలావాడు నిద్రపోయాడా, వాన పడుతుందా. "నాగులుకి కోపం వచ్చిందా?" అని మాత్రం అడగకండి, అది మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క పని, అదీ డైస్‌కి ఇచ్చేస్తే మీరు గుమస్తాగా మిగులుతారు. మనసు నిజంగా రెండుగా చీలి ఎటూ తేలనప్పుడు నేనూ ఎప్పుడైనా దొర్లిస్తాను, అది వేరే సంగతి. ఇంకొకటి, వరస ముఖ్యం. వాడు ఏం చేస్తాడో, ఎందుకో ఒక లైను పెన్సిల్‌తో రాసి, ఆ తర్వాతే డైస్ ముట్టుకోవాలి. ముందు దొర్లించి అంకె చూశాక నిర్ణయిస్తే, అంకెకి తగ్గ ధైర్యం, అంకెకి తగ్గ పిరికితనం మనమే అంటగడతాం. నా కిరాయి సైనికుడు పాడైపోయింది ఇలాగే.

అపోహ: పాత్ర గట్టిగా ఉండాలంటే పెద్ద పూర్వకథ రాసుకోవాలి.

పదకొండు పేజీలు రాశాను ఒకప్పుడు. తాత పేరు, గుర్రం పేరు, చిన్నప్పటి దెబ్బ. ఆటలో ఒక్కటీ అక్కరకి రాలేదు. ఇప్పుడు కార్డు మీద మూడు లైన్లు: ఏం కావాలి, దేనికి భయం, ఏం చేయడు. మూడోదే గట్టిది. నాగులు అన్నం పెట్టినవాళ్ల మీద చెయ్యెత్తడు. దొంగల గుడిసెలో ఒకావిడ వాడికి గంజి పోసింది, మర్నాడు ఆ దొంగలే దారి కాశారు. కొడితే గెలిచేవాడు. కొట్టలేదు, పుట్టి పోగొట్టుకున్నాడు. నాకు నష్టమైన చోట వాడు వాడిలాగే ఉన్నాడంటే పాత్ర నిలిచినట్టు. నాకూ వాడికీ ఒకటే లాభమైన చోట ఏదీ తేలదు.

"పాత్ర మారకూడదు" అనేది దీని తమ్ముడు లాంటి అపోహ. మారవచ్చు, కానీ ఊరికే మారకూడదు, ఏదో చెల్లించి మారాలి. ఐరన్‌స్వార్న్‌లో ప్రమాణం వదిలేయొచ్చు, అయితే ఆ ప్రమాణం ఎంత పెద్దదో మనోబలం అంత కోసుకుపోతుంది, చిన్నదైతే ఒకటి, అన్నిటికన్నా పెద్దదైతే ఐదు. టిమ్ హచింగ్స్ గేమ్ థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్‌లో ఇంకా ఘోరం. జ్ఞాపకాలకి ఐదే గళ్లు, ఒక్కోదాంట్లో మూడు అనుభవాలు. నిండిపోతే ఏదో ఒకటి కొట్టేయాలి, లేదా డైరీలోకి మార్చాలి, అందులోనూ నాలుగే పడతాయి, పైగా ఆ డైరీ పోనూ పోవచ్చు. నా పాత్ర సొంత కూతురి పేరుని కొట్టేసి ఒక శత్రువు ముఖాన్ని ఉంచుకుంది. ఆ రాత్రి ఇంక ఆడలేదు.

అపోహ: ఇది కరోనాలో పుట్టిన ఆట, స్నేహితులు లేనివాళ్లు ఆడేది.

ఆర్‌పీజీల్లో మొదటిదైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది 1974లో. మరుసటి ఏడాదే, 1975లో, దాన్ని ఒంటరిగా ఆడే పద్ధతిని ఆ కంపెనీ తన పత్రిక మొదటి సంచికలోనే వేసింది. 1976లో టనెల్స్ అండ్ ట్రోల్స్ అనే మరో ఆర్‌పీజీకి బఫెలో క్యాసిల్ అనే సోలో సాహసం వచ్చింది. అలాంటి పుస్తకాల్లో ఫలానా పేరాకి వెళ్లు, ఎడమకా కుడికా అని పుస్తకమే అడిగేది, కాబట్టి పాత్ర గురించి తల పట్టుకునే పని పెద్దగా ఉండేది కాదు. 2003లో మిథిక్ లాంటి ఒరాకిల్ వచ్చాక ఏ ప్రశ్నైనా మనమే అడగొచ్చు, దాంతో పాత్రను నిలబెట్టే బరువూ మన నెత్తినే పడింది. ఇక స్నేహితుల సంగతి, నాకున్నారు, శనివారం గ్రూపు కూడా ఉంది, నలుగురి షెడ్యూల్ కలవాలంతే.

ఆట మధ్యలో ఒకసారి పాత్ర జారితే అంతా పాడైనట్టేనా? ఏం కాదు, ఆ లైను కొట్టేసి మళ్లీ రాయండి. పేజీలకి పేజీలు రాయాలా? అక్కర్లేదు, నావి రాత్రికి పది పదిహేను లైన్లు.

నాగులు ఉప్పుకొటార్ల దాకా వెళ్లాడు. నిన్న రాత్రి అక్కడ బస్తాలు చూశాడు, వరసగా, వందల్లో, ఒక్కదాని మీదా లక్క ముద్ర లేదు. ఎడమ సగం మీద చెయ్యి అలాగే ఉంది. కుడివైపు "ఉప్పు బస్తాకి ముద్ర వేయరు" అని రాశాను. దాని కింద, కరణం అరుగు మీద తను పెట్టిన రెండు చేపలు వాడికి గుర్తొచ్చాయని రాసి లైటు తీసేశాను. ఇవాళ అక్కడినుంచి.