పేగులో శివారు భూములు

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు మా ఊరికి దగ్గరే. మా నాన్న కాయలు వెయ్యి లెక్కన బేరం పెడతాడు. నాకు పేగు ఆపరేషనై ఇంటికొచ్చిన నెలకి మందుల షాపులో ఓ చిన్న సీసా మా చేతిలో పెట్టారు. ఎంసీటీ ఆయిల్. "ఆయ్, కొవ్వు అరగనోళ్లకి ఇదేనండి" అన్నాడు షాపతను. ఇంటికొచ్చాక నాన్న లేబులు చదివించుకున్నాడు. కొబ్బరి నూనె నుంచి తీసినదని రాసి ఉంది. ఆ సీసా కొనాలంటే ఎన్ని కాయలు అమ్మాలో వేళ్ల మీద లెక్కేసుకుని, "మన కాయేరా ఇది. తిరిగి మనింటికొచ్చేసరికి ఇంత ఖరీదైపోయింది" అన్నాడు.

నాది క్రోన్స్ వ్యాధి. 1932లో బరిల్ క్రోన్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు దీని గురించి రాశారు కాబట్టి ఆ పేరు. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పేగు గోడ మీద తిరగబడుతుంది. పుండ్లు పడతాయి, వాస్తుంది, కొన్నిచోట్ల పేగు సన్నబడి దారి మూసుకుపోతుంది. అదుపులో పెట్టే మందులున్నాయి, పూర్తిగా పోగొట్టే మందు లేదు. పేగుకి వచ్చే క్షయ కూడా అచ్చం ఇలాగే కనబడుతుంది కాబట్టి మన దేశంలో చాలామందికి ముందు క్షయ మందులు నడుస్తాయి. నాకూ నడిచాయి. ఆ కథ వేరు.

మందుల ఖర్చు గురించి అందరూ మాట్లాడతారు. తిండి ఖర్చు గురించి ఎవరూ చెప్పరు. పుస్తెలమ్మైనా పులస తినాలని మన దగ్గర సరదాగా అంటారు గానీ, నేను చూసినంతలో వ్యవహారం పుస్తెల దాకా వచ్చేది పులస కోసం కాదు, బలానికని కలుపుకు తాగే పోషకాహార పౌడరు డబ్బాల కోసం. ఆ డబ్బాల్లో కొన్ని నిజంగా అవసరం. చాలావాటి అవసరం లేదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే పేగు ఎలా పనిచేస్తుందో కాస్త తెలియాలి.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలువలో పడి, లాకులు దాటి, పిల్ల కాలువల్లోంచి బోదెల్లోకి వెళ్లి, చివరికి శివారు భూములకి చేరతాయి. చిన్నపేగు కూడా నాలుగైదు మీటర్ల కాలువ లాంటిదే. ఏ మేర ఆయకట్టు ఆ మేరదే. ఇనుము ప్రధానంగా తల దగ్గరే లోపలికి వెళ్తుంది. ఫోలిక్ యాసిడ్ కూడా ఎక్కువగా పైభాగంలోనే. పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వులో చాలా భాగం సగం దారి దాటేలోపే అయిపోతాయి. శివారుకి మిగిలేవి ముఖ్యంగా రెండు పనులు. ఒకటి, విటమిన్ బి12ని పీల్చుకోవడం. రెండోది, కొవ్వు అరగడానికి కాలేయం పంపిన పైత్యరస లవణాలను మళ్లీ పట్టి వెనక్కి పంపడం. వీటిలో దాదాపు 95 శాతం ఇలా తిరిగి కాలేయానికి చేరి మళ్లీ వాడకానికి వస్తాయి. ఈ రెండు పనులూ చేయడానికి పేగులో ఇంకో చోటు లేదు. క్రోన్స్ ఎక్కువగా పట్టేదీ, ఆపరేషన్‌లో ఎక్కువగా పోయేదీ ఈ శివారే.

అందుకే డిశ్చార్జి కాగితంలో అందరూ దాటేసే ఒక అంకె ఉంటుంది, ఎన్ని సెంటీమీటర్ల పేగు తీశారన్నది. నాకు 40. నా ఫైలు మొత్తంలో డబ్బు మిగిల్చిన వాక్యం అదొక్కటే. అయితే అది నాకు అర్థమయ్యేసరికి మూడు సీసాల ఎంసీటీ ఆయిల్ కొనేశాను.

శివారులో 20 సెంటీమీటర్లకి మించి పోతే బి12 తగ్గుతుందని లెక్క. వెంటనే తెలియదు. కాలేయంలో రెండు మూడేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది. ఆ నిల్వ కరిగాక తిమ్మిర్లు, రక్తహీనత, మతిమరుపు మొదలవుతాయి. దీనికి ఏ డబ్బా అక్కర్లేదు. నెలకో, మూడు నెలలకో డాక్టరు చెప్పినట్టు ఓ ఇంజెక్షను, ఖరీదు బిర్యానీ పొట్లం కంటే తక్కువ. పెద్ద మోతాదు మాత్ర కూడా పనిచేస్తుంది, కారణం సరదాగా ఉంటుంది. మింగిన బి12లో సుమారు ఒక శాతం ఏ తలుపూ తట్టకుండా పేగు గోడలోంచి ఊరికే లోపలికి జారిపోతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్రలో ఒక శాతం అంటే 10. రోజుకి మనకి కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే.

ఇక పైత్యరసం. వంద సెంటీమీటర్ల లోపు పోతే, తిరిగి పట్టని లవణాలు పెద్దపేగులోకి దూకి అక్కడ నీళ్ల విరేచనాలు పుట్టిస్తాయి. కాలేయం మాత్రం కొత్తవి తయారుచేసుకుంటూ నెట్టుకొస్తుంది, కొవ్వు అరుగుదల మరీ చెడదు. దీనికి ఆ లవణాలను పట్టి ఉంచే పొడి ఒకటుంది, కొలెస్టిరమిన్. వంద సెంటీమీటర్లు దాటి పోతే సీను మారుతుంది. కాలేయం ఎంత చేసినా చాలదు, కొవ్వు అరగక అలాగే బయటికి పోతుంది, అప్పుడు ఆ పొడి ఇస్తే ఉన్న కాస్త లవణాలూ పోయి ఇంకా ఘోరమవుతుంది. చూడ్డానికి రెండూ విరేచనాలే. ఒకరికి మందైనది ఇంకొకరికి చేటు. పక్క మంచం ఆయనకి తగ్గిందని మనమూ అదే కొనడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూసుకోవచ్చు.

ఎంసీటీ ఆయిల్‌కి పని పడేది ఈ రెండో రకం వాళ్లకి. మామూలు నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు పొడుగాటివి, 16, 18 కార్బన్ల గొలుసులు. నీళ్లలో కలవవు కాబట్టి పైత్యరసం సబ్బులా పట్టి మోస్తేనే పేగు గోడ దాకా వస్తాయి. అక్కణ్నుంచి కూడా నేరుగా రక్తంలోకి కాదు, శోషరస నాళాల చుట్టుదారిలో వెళ్తాయి. 8, 10 కార్బన్ల పొట్టి గొలుసులకి ఈ తతంగం లేదు. పైత్యరసం పెద్దగా లేకపోయినా లోపలికెళ్లి నేరుగా కాలేయానికి చేరతాయి. ఈ పొట్టివాటిని వేరుచేసి సీసాలో పోస్తే ఎంసీటీ, అంటే మధ్యరకం గొలుసుల కొవ్వు.

మరి కొబ్బరి నూనే తాగేస్తే పోదా? నాన్న మొదట అడిగింది ఇదే. మన ఇళ్లలో కొబ్బరి నూనె తలకి రాస్తారు గానీ కూరలో వెయ్యరు, అది పక్కన పెడదాం. ఆ నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, 12 కార్బన్లది. పుస్తకాల్లో దాన్నీ మధ్యరకం గొలుసుల్లోనే చేరుస్తారు, కానీ పేగులో అది చాలావరకు పొడుగువాటితో కలిసి చుట్టుదారినే పోతుంది. అసలు పొట్టివి, అంటే 8, 10 కార్బన్లవి, కొబ్బరి నూనెలో నూటికి 15 దాకా ఉంటాయి. లీటరు నూనె వడిస్తే వచ్చేది అంతే. సీసా ఖరీదు ఎక్కడిదో అలా తెలిసింది. నాకు పోయింది 40 సెంటీమీటర్లు, కొవ్వు బాగానే అరుగుతోంది కాబట్టి ఆ సీసాతో నాకు పనే లేదని కూడా. మిగిలిన సగం సీసా చాలా రోజులు అల్మరాలోనే ఉంది, డబ్బు పోసిన వస్తువు పారెయ్యడానికి చేతులు రాక.

పేగు తలభాగం గురించి చెప్పాలంటే మా గోదావరి మనిషి ఒకరిని తలుచుకోకుండా కుదరదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆ కాలంలో సంగ్రహణి అనే జబ్బుండేది, ఇంగ్లీషులో ట్రాపికల్ స్ప్రూ. పేగు లోపలి కేశాల్లాంటి పొర అరిగిపోయి, తిన్నది ఒంటికి పట్టక మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో దీనికే పోయారు. ఆయనకీ వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ట్రాపికల్ స్ప్రూకి ఇవాళ్టికీ ఇచ్చేది అదే, 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర, తోడుగా కొన్ని నెలలు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఒకప్పుడు ఇళ్లు ఖాళీ చేసిన పోషకాహార లోపానికి మందు ఇప్పుడు చిల్లర డబ్బులకి దొరుకుతుంది.

అక్కడితో అయిపోలేదు. ఫోలిక్ యాసిడ్‌ని కాస్త మార్చి, దాని పనిని అడ్డుకునే మందులు కూడా లెడర్లీలోనే పుట్టాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్, క్రోన్స్‌కి వారానికి ఒక్కసారి వాడతారు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, వారానికి ఒక్కసారే. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి వేరే రోజు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. అంటే నా మందుల డబ్బాలో భీమవరం రెండుసార్లు ఉంది. బోదకాలు మాత్ర హెట్రజాన్ కూడా ఆయన బృందానిదే, కాబట్టి డెల్టాకి ఆయన బాకీ ఏమీ లేదు.

జబ్బుపడ్డవాణ్ని చూడ్డానికి కోనసీమలో వట్టి చేతులతో ఎవరూ రారు, గెల నుంచి దించిన బొండాలు తెస్తారు. నేను తాగాను కూడా. కానీ విరేచనాలు ఎక్కువగా ఉన్నవాళ్లకి, పొట్ట మీద సంచీ పెట్టినవాళ్లకి బొండం నీళ్లు సరైన మందు కాదు. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం బాగా తక్కువ. మనిషి పోగొట్టుకుంటున్నది ప్రధానంగా ఉప్పు, అంటే సోడియం. పేగు గోడలో ఉప్పునీ గ్లూకోజ్‌నీ జంటగా లోపలికి లాగే వాకిలి ఒకటుంది. ఆ రెండూ సరైన పాళ్లలో వస్తేనే నీళ్లు వెంట నడుస్తాయి. ఓఆర్ఎస్ రహస్యం అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ల ప్రకారం లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. తీపి ఎక్కువైతే నీళ్లు లోపలికి రావడం మాని పేగులోకే ఊరతాయి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని తీపి డ్రింకులు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పేగు బాగా పొట్టిగా మిగిలినవాళ్లకి లండన్ సెయింట్ మార్క్స్ ఆస్పత్రి పాళ్లు ఇంకా ఉప్పగా ఉంటాయి. లీటరుకి గ్లూకోజ్ 20 గ్రాములు, ఉప్పు మూడున్నర, వంట సోడా రెండున్నర. డాక్టరు సరేనంటే, చిన్న త్రాసు ఉంటే, ఇంట్లోనే కలుపుకోవచ్చు. రుచి గురించి నన్నడగొద్దు.

ఇప్పుడు పెద్ద ఖర్చు, డబ్బా. నీరసంగా ఉందని రోజుకి రెండు చెంచాలు కలుపుకు తాగే పెద్దవాళ్లకి నేను చెప్పేది గుడ్ల లెక్క. మామూలు 400 గ్రాముల డబ్బాలో మాంసకృత్తులు 60 గ్రాముల చుట్టూ ఉంటాయి. గుడ్డుకి 6 గ్రాములు, అంటే పది గుడ్లు. తణుకు, అనపర్తి కోళ్ల ఫారాల పక్కన కూర్చుని ఆ డబ్బా కొనడం నాకు మింగుడుపడదు. పేగు సన్నబడ్డవాళ్లకి తేగలు, పనసపొట్టు, ములక్కాడ పీచు అడ్డం పడతాయి గానీ గుడ్డు, కొరమేను, మెత్తటి అన్నం అడ్డం పడవు.

పిల్లల సంగతి వేరు. క్రోన్స్ వచ్చిన పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాలు తిండంతా మానిపించి డబ్బా మీదే ఉంచడాన్ని యూరప్ పిల్లల వైద్యుల మార్గదర్శకాలు మొదటి చికిత్సగా చెబుతున్నాయి. స్టెరాయిడ్లతో సమానంగా జబ్బు అణుగుతుంది, ఎదుగుదల ఆగదు. ఇక్కడ డబ్బా బలం మందు కాదు, అసలు మందే. డబ్బాకి సుమారు 1800 కేలరీలు, పదేళ్ల పిల్లాడికి రోజుకి ఒకటి. ఆరు వారాలకి 42. మాంసకృత్తుల్ని ముందే చిన్న ముక్కలు చేసిన పెప్టైడ్ రకం, పూర్తిగా విడగొట్టేసిన అమైనో ఆమ్లాల రకం అంటూ ఇంకా ఖరీదైనవి ఉన్నాయి. పూర్తిగా విడగొట్టిన ఈ ఆహారాల మీద 1960లలో అంతరిక్ష యాత్రికుల కోసమని పరిశోధన చేశారు. క్రోన్స్‌ని అణచడంలో మాత్రం ఇవి మామూలు రకం కంటే మెరుగని తేలలేదు. ఇంకేదైనా ఇబ్బంది ఉండి డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప చవకది చాలు.

ఇంగ్లండులో ఇలాంటివి డాక్టరు చీటీ మీద ఇస్తారు, పిల్లలకి ఉచితం. ఏవి ఇవ్వొచ్చో చెప్పే సంఘం పేరులోనే 'సరిహద్దు పదార్థాలు' అని ఉంటుంది, తిండికీ మందుకీ మధ్య గట్టు మీద ఉన్నవని. మన దగ్గర ఇవి చట్టప్రకారం ఆహారం, మందుల ధరల నియంత్రణ వీటికి లేదు. బీమా పాలసీలు కూడా ఆస్పత్రిలో చేరినప్పుడు చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తే తప్ప సాధారణంగా వీటికి డబ్బివ్వవు. అందుకని వార్డులో ఉన్నప్పుడే కేస్ షీటులో రాయించుకోవాలి. ఇంటికెళ్లాక రాయించుకున్న చీటీతో పని జరగదు.

నేను చెకప్‌కి వెళ్లినప్పుడు చెరువుల దగ్గర కాపలా ఉండే ఒకాయన, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, సిగరెట్టు పెట్టె వెనక ఈ 42ని గుణిస్తున్నాడు. తల గోక్కుని, "సగం డబ్బా, సగం అన్నం అంటే కుదరదా అండి?" అన్నాడు. సరిగ్గా ఆ ప్రశ్న మీదే 2019లో ఒక అధ్యయనం వచ్చింది. కొందరు పిల్లలకి పూర్తిగా డబ్బా, కొందరికి సగం డబ్బా, సగం ఎంచిన తిండి పెట్టారు. కోడిమాంసం, గుడ్లు, బంగాళాదుంప, తెల్లన్నం, అరటిపండు, యాపిల్ ఉండొచ్చు. గోధుమ, పాలు, పాకెట్లలో వచ్చేవేవీ కూడదు. ఆరు వారాలకి జబ్బు అణిగినవాళ్లు రెండో గుంపులో నూటికి 75 మంది, మొదటి గుంపులో 59 మంది. చిన్న అధ్యయనం కాబట్టి ఆ తేడాని గెలుపుగా చెప్పలేం, ఓడిపోలేదని చెప్పొచ్చు. సగం తిండి ఉన్నవాళ్లలో దాదాపు ఎవరూ పద్ధతి మధ్యలో మానలేదు, అది మాత్రం స్పష్టంగా కనబడింది. తర్వాతి ఆరు వారాలు డబ్బా పావు వంతుకి దిగింది.

డాక్టరుని, డైటీషియన్ని అడక్కుండా మొదలెట్టొద్దని చెప్పి, ఆయన పెట్టె వెనక 42 కొట్టేసి 21 వేశాను. ఆయన జాబితా రాసుకుంటూ అరటిపండు దగ్గర ఆగాడు.

"చక్కెరకేళీయా అండి, కర్పూరమా?"

ఆ అధ్యయనంలో అంత వివరం లేదు.