బూడిద భయానికి లెక్క ఎక్కడ?

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద సంగతి వచ్చినప్పుడల్లా జనం అడిగేది ఒకటే: "మా ఒంట్లోకి ఏమైనా చేరిందా?" బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం, కాడ్మియం కొద్దికొద్దిగా ఉంటాయి. కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మరి రక్తపరీక్షలో నార్మల్ అని వస్తే టెన్షన్ తీరినట్టేనా? రక్తంలో కనిపించే సీసం ఎక్కువగా ఈ నెలా రెండు నెలల సంగతే చెబుతుంది, పాతది ఎముకల్లో చేరిపోతుంది. ఆర్సెనిక్ చాలావరకు కొద్ది రోజుల్లోనే మూత్రంలో పోతుంది. పోతూ పోతూ కణాల్లోని డీఎన్ఏను ఏం చేసిపోయిందో ఆ రిపోర్టులో ఉండదు.

డీఎన్ఏకు తగిలే ఆ దెబ్బను వెతకడం 1927లో మొదలైంది. ఎక్స్‌రేలు ఈగల జన్యువులను మారుస్తాయని హెర్మన్ ముల్లర్ అప్పుడు చూపించాడు. డీఎన్ఏ చుట్టుకుని ఉండే క్రోమోజోములు మనిషికి 46 అని తేలింది మాత్రం 1956లో. 1960లో రక్తంలోని తెల్లకణాలను ల్యాబ్‌లో పెంచి క్రోమోజోములు చూసే పద్ధతి వచ్చింది. విరిగిన వాటిని పట్టుకోవాలంటే కణం కణం విడివిడిగా చూడాలి. ఊరంతటికీ అయ్యే పని కాదది.

ఆ కష్టం తగ్గించింది మైక్రోన్యూక్లియస్ పరీక్ష. కణం రెండుగా చీలేటప్పుడు విరిగిన క్రోమోజోము ముక్క వెనకబడిపోతే, కేంద్రకం పక్కన చిన్న చుక్కలా మిగులుతుంది. 1970లలో ష్మిడ్, హెడిల్ దీన్ని పరీక్షగా మలిచారు. 1985లో ఫెనెక్, మోర్లీ ఇంకో మెట్టు ఎక్కించారు. సైటోకలాసిన్-బి అనే రసాయనం కలిపితే కేంద్రకం రెండవుతుంది గానీ కణం విడిపోదు, అలాంటి జంట కేంద్రకాల కణాల్లోనే చుక్కలు లెక్కపెడతారు. రక్తం తియ్యకుండానూ చెయ్యొచ్చు. బుగ్గ లోపల చెక్కపుల్లతో మెల్లగా గీకి, వచ్చిన కణాలను గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వెయ్యో రెండు వేలో లెక్కపెట్టడమే. పసిపిల్లలున్న ఊళ్లలో నాకు ఈ దారే మేలనిపిస్తుంది. తెగిన డీఎన్ఏను తోకలా సాగదీసి చూపించే కామెట్ పరీక్షకు నరేంద్ర సింగ్ బృందం 1988లో ఇప్పటి రూపం ఇచ్చింది.

2007లో 10 దేశాల నుంచి 6,718 మంది వివరాలు కలిపి చూస్తే, రక్తకణాల్లో ఈ చుక్కలు ఎక్కువున్న వాళ్లలో తర్వాత క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే అని తేలింది. అది గుంపు మీద కట్టిన లెక్క. ఫలానా మనిషికి జబ్బు వస్తుందని దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా.

అసలు చిక్కు పోలికలో ఉంది. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని బాగా లాక్కుంటుంది, బీడీ, చుట్ట తాగేవాళ్ల ఒంట్లో అది సహజంగానే ఎక్కువ. వయసు, ఆకుకూరల్లో దొరికే ఫోలేట్ లోటు కూడా చుక్కల సంఖ్యను పెంచుతాయి. పోలికకు దర్శి వైపు ఊరు తీసుకుందామంటే అక్కడి నీళ్లది ఇంకో కథ. ప్రకాశం జిల్లా ఇంకా ఏర్పడని రోజుల్లో, 1937లోనే, నెల్లూరు జిల్లా పేరుతో ఆ వైపు ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, వైద్య పత్రికలకెక్కింది. వంగిపోయిన నడుములు, మరకలు పడ్డ పళ్లు కంటికి కనిపించాయి కాబట్టి వైద్యులు నమ్మారు. కణంలోని చుక్క కంటికి కనిపించదు. అందుకే ఫ్యాక్టరీ రాకముందు అదే ఊళ్లో తీసిన లెక్క ఒకటి చేతిలో ఉండాలి. ఆ లెక్క లేని చోట కంపెనీ ఒక మాట, ఊరు ఒక మాట చెబుతాయి. రెండిట్లో ఏదీ తేలదు.

రామాయపట్నంలో పోర్టు పనులు నడుస్తున్నాయి, దాని వెనకే పరిశ్రమలూ వస్తాయి. చుట్టుపక్కల పల్లెల్లో, ప్రజల అనుమతితో, వయసు, పొగ అలవాటు, తాగే నీరు, చేసే పని రాసుకుని బుగ్గ కణాల స్లైడ్లు ఇప్పుడే తీసిపెట్టాలి. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. స్లైడ్లు తీసిన ప్రతి ఇంటికీ ఫలితం ఏమిటో తెలుగులో రాసి ఇవ్వడం కూడా ఆ పనిలో భాగమే కావాలి.