ఆడియోబుక్‌లలో సైన్సు, చరిత్ర: అపోహలు - వాస్తవాలు

నవలను చెవికి ఎక్కించడం వేరు, చరిత్ర పుస్తకాన్నో ఖగోళశాస్త్రాన్నో ఎక్కించడం వేరు. నవలలో కాగితం మీద ఉన్నది దాదాపు అంతా గొంతులోకి వచ్చేస్తుంది. సైన్సు, చరిత్ర పుస్తకాలతో అలా కుదరదు. పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉండే వివరణలు, కొటేషన్ గుర్తులు, పటాలు, పట్టికలు, చివర్లో పదుల పేజీల ఆధారాల జాబితా... వీటిలో చెవిదాకా వచ్చేవి తక్కువ. కథ మిగులుతుంది, దాని రుజువు జారిపోతుంది. ఆడియోబుక్‌ల గురించి వినపడే పొగడ్తలైనా విసుర్లైనా చాలావరకు ఈ సంగతిని వదిలేసి మాట్లాడేవే.

అపోహ: వినడం చదవడం కిందకి రాదు, అది బద్ధకస్తుల దారి

46 అధ్యయనాలను కలిపి పరిశోధకురాలు వర్జీనియా క్లింటన్-లిసెల్ 2022లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మొత్తమ్మీద చదివినవారికీ విన్నవారికీ అవగాహనలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఆ విశ్లేషణలోనే రెండు మెలికలున్నాయి. పాఠకుడు తన వేగంతో తాను చదువుకునే వీలున్నచోట చదువుదే పైచేయి. పైకి చెప్పని విషయాన్ని ఊహించి రాబట్టాల్సిన ప్రశ్నల్లోనూ అంతే.

కష్టమైన వాక్యం దగ్గర కన్ను తనంతట తానే నెమ్మదిస్తుంది, వెనక్కి వెళ్లి వస్తుంది. మనం గమనించం కూడా. గొంతు ఎవరికోసమూ ఆగదు. అందుకే యాప్‌లో వెనక్కి వెళ్లే బటన్ 30 సెకన్లకు పెట్టి ఉంటే దాన్ని 10కో 15కో మార్చుకోండి. 30 సెకన్లంటే సుమారు 75 మాటలు. ఒక్క వాక్యం కోసం అన్ని మాటలు మళ్లీ వినాలంటే చెయ్యి కదలదు.

వింటూ చేసే పనిని కూడా చూసుకోవాలి. నడక, గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం ఫర్వాలేదు. మెసేజ్‌లు రాయడం, లెక్కలు సరిచూడడం లాంటివి మాటలతోనూ అంకెలతోనూ నడిచే పనులు కాబట్టి పుస్తకంతో ఢీకొంటాయి. పది నిమిషాలయ్యాక ఏం విన్నామో తడుముకోవాల్సి వస్తుంది.

అపోహ: అన్‌అబ్రిడ్జ్‌డ్ అంటే పుస్తకంలో ఉన్నదంతా

ప్రధాన పాఠం మొత్తం ఉంటుంది, అంతవరకే. క్యాసెట్ల రోజుల్లో 90 నిమిషాల టేపులో ఒక్కో వైపు 45 నిమిషాలు పట్టేది. 20 గంటల పుస్తకానికి 14 టేపులు కావాలి. కాబట్టి పుస్తకాల్ని కత్తిరించి చదివించేవారు. అలా కత్తిరించలేదని చెప్పడమే ‘అన్‌అబ్రిడ్జ్‌డ్’ అనే ముద్ర పని. పాదసూచికలు, ఆధారాల జాబితా, విషయసూచి, బొమ్మల కింది వ్యాఖ్యలు చదువుతామని అది మాట ఇవ్వదు.

పాదసూచికల్ని ఆడియోలో మూడు రకాలుగా సర్దుతారు. చిన్న వివరణ అయితే వాక్యంలోనే కలిపేస్తారు. రసవత్తరమైన పొడుగాటి సూచిక అయితే ‘పాదసూచిక’ అని చెప్పి చదివి, అయిపోయిందని చెప్పి అసలు పాఠంలోకి వస్తారు. ఫలానా గ్రంథం, ఫలానా పేజీ అనే ఆధార సూచికల్ని మాత్రం పూర్తిగా వదిలేస్తారు. వాటిని చదివితే ఎవరూ వినలేరు, నిజమే. కానీ చరిత్ర పుస్తకానికి దెబ్బ తగిలేది అక్కడే.

పీసా గోపురం మీద నుంచి గెలీలియో బరువులు జారవిడిచిన ఘట్టాన్నే తీసుకోండి. దీనికి మూలం ఆయన శిష్యుడు వివియానీ రాసిన జీవితచరిత్ర. రాసింది 1654లో, అప్పటికి గెలీలియో పోయి పన్నెండేళ్లు. అచ్చయింది 1717లో. పుస్తకంలో ఆ వాక్యం చివర చిన్న అంకె కనపడితే ‘ఇది ఎవరు చెప్పారు?’ అని ఒక్క క్షణమైనా అనిపిస్తుంది. ఆడియోలో ఆ అంకె లేదు. పుస్తకాన్ని చదివి వినిపించే నేరేటర్ గట్టివాడైతే బరువులు నేలను తాకిన చప్పుడు కూడా వినిపిస్తుంది, అనుమానం మాత్రం రాదు.

కొటేషన్ గుర్తులదీ అదే తంతు. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ తన గ్రంథంలోని ప్రసంగాలు మాటకు మాట దింపినవి కావనీ, ఆ సందర్భంలో వక్త ఏం మాట్లాడి ఉండాలో ఆలోచించి రాశాననీ తానే చెప్పుకున్నాడు. ఇప్పటి రచయిత ఆ ప్రసంగాన్ని ఎత్తి రాసి, నేరేటర్ దాన్ని రోషంగా చదివాడనుకోండి, రెండున్నర వేల ఏళ్ల కిందటి రికార్డింగు విన్నట్టే ఉంటుంది. పని తెలిసిన నేరేటర్ ఎత్తి రాసిన మాటకు ముందు అర సెకను ఆగి, గొంతు కొద్దిగా మార్చి, అయిపోయాక మళ్లీ ఆగుతాడు. అంతకు మించి నటిస్తే మూలంలోని మాట ఎక్కడ ఆగిందో, రచయిత వ్యాఖ్య ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది.

దీనికి విరుగుడు చిన్నదే. ‘అరె, అలాగా!’ అనిపించిన ప్రతిచోటా బుక్‌మార్క్ పెట్టి, పక్కన రెండు మూడు మాటలు రాసుకోండి. ఉత్త బుక్‌మార్క్ వారం తర్వాత ఎందుకు పెట్టామో మనకే తెలియదు. తర్వాత అచ్చుప్రతిలోనో ఈబుక్‌లోనో ఆ అధ్యాయం ఆధారాలు తిరగేస్తే సరి. పీడీఎఫ్ జతగా ఇచ్చిన పుస్తకమైతే మొదలుపెట్టకముందే దాన్ని ఫోన్‌లోకి దించుకోండి.

అపోహ: సమీకరణాలు లేని సైన్సు పుస్తకం ఏదైనా హాయిగా వినొచ్చు

స్టీఫెన్ హాకింగ్ 1988లో తెచ్చిన ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’లో ఉన్నది ఒకే ఒక్క సమీకరణం, అదీ ఐన్‌స్టీన్‌ది. సమీకరణం చేర్చినప్పుడల్లా అమ్మకాలు సగానికి పడిపోతాయని ఎవరో చెప్పారని ఆయనే తొలి పేజీల్లో రాశారు. కానీ అందులో కాంతి శంకువుల (కాంతి స్థలకాలాల్లో ఎలా వ్యాపిస్తుందో చూపేవి) బొమ్మలున్నాయి. నిలువునా కాలం, అడ్డంగా స్థలం, ఒక బిందువు నుంచి పైకీ కిందికీ విచ్చుకునే రెండు శంకువులు. బొమ్మ చూస్తే అరనిమిషంలో తలకెక్కుతుంది. మాటల్లో వింటే మూడుసార్లు విన్నా శంకువు ఎటు తిరిగిందో తేలదు. అసలు అడ్డు సమీకరణం కాదు, బొమ్మ.

కాబట్టి ఎంచుకునేటప్పుడు చూడాల్సింది పుస్తకం కష్టమా తేలికా అని కాదు, వరస ఉందా లేదా అని. మహమ్మారుల చరిత్ర, సాహసయాత్రలు, శాస్త్రవేత్తల జీవితాలు, ఒక ఆవిష్కరణ వెనక నడిచిన పోటీ... ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయి, చెవికి బాగా పడతాయి. యుద్ధవ్యూహాలు పటం లేకుండా వృథా. భూపొరల కథలు, క్వాంటం భౌతికశాస్త్రం, రాజవంశాల పుస్తకాలు చేతిలో కాగితం ఉంటేనే వినాలి. ఐదు వేల ఏళ్ల ప్రపంచ చరిత్రను 15 గంటల్లో చుట్టేసే పుస్తకాలకు ఎంత పేరొచ్చినా ఆడియోలో అవి అంతంతమాత్రమే. గంటకో నాగరికత చొప్పున పేర్లు వచ్చిపోతుంటాయి, మిగిలేది రచయిత సిద్ధాంతం ఒక్కటే. ఆ సిద్ధాంతానికి ఎదురు నిలిచే ఉదాహరణలు పేర్లతో పాటే మరుపున పడతాయి.

అంకెల గురించి ఒక మాట. మిలియన్, బిలియన్ చెవికి అన్నదమ్ముల్లా వినపడతాయి. పది లక్షల సెకన్లు అంటే పదకొండున్నర రోజులు. వంద కోట్ల సెకన్లు అంటే దాదాపు 32 ఏళ్లు. ఇంగ్లిష్‌లో విన్నా తెలుగులో లెక్క వేసుకోవడం మంచిది: మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లు, విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. తెలుగు చేసేటప్పుడు 13.8 బిలియన్ కాస్తా 13.8 కోట్లయిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు విశ్వం వంద రెట్లు పడుచుదైపోతుంది.

అపోహ: రచయితే చదివితే అంతకు మించింది లేదు

గంట ఆడియోకు సుమారు 9,300 మాటలు పడతాయి. లక్ష మాటల పుస్తకం పదకొండు గంటలకు కాస్త తక్కువ. ఒక్క గంట శుభ్రమైన ఆడియో రావాలంటే మైకు ముందు రెండు గంటలు కూర్చోవాలి, ఎడిటింగు, తప్పులు వెతకడం దానికి అదనం. మైకు అలవాటు లేని రచయితకు మూడో గంటకే గొంతు వాలిపోతుంది. వాక్యం చివరి మాటలు మింగేస్తారు. తన వాక్యం తనకు కంఠతా ఉంటుంది కాబట్టి పరుగెడతారు. శ్రోతకు అది మొదటిసారి అన్న సంగతి మరిచిపోతారు.

రచయిత గొంతు నిజంగా కలిసొచ్చేది తాను తవ్వకాల్లోనో ప్రయోగశాలలోనో స్వయంగా చూసింది చెప్పేటప్పుడు, లేదా రేడియోలోనో టీవీలోనో మాట్లాడి అలవాటున్నప్పుడు. మిగతా పుస్తకాలకు వృత్తి నేరేటరే నయం.

నమూనా క్లిప్ ఐదు నిమిషాలలోపే ఉంటుంది, తరచూ పుస్తకం మొదట్లోదే. అక్కడ అందరూ బాగానే చదువుతారు. వీలైతే నడిమి అధ్యాయం ఒకటి వినండి. రెండు చోట్ల చెవి ఒగ్గాలి. ఒకటి, నాలుగు ఉపవాక్యాలున్న పొడుగు వాక్యం: కర్త ఎవరో చివరిదాకా గుర్తుండేలా చదువుతున్నారా? రెండు, ‘బహుశా’, ‘అయి ఉండొచ్చు’, ‘కొందరి అంచనా’ లాంటి మాటలు. వీటిని గబుక్కున దాటేసే నేరేటర్ చేతిలో ఊహ కాస్తా నిజమై కూర్చుంటుంది. ఈ రంగంలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

అపోహ: వేగం పెంచితే ఏమీ అర్థం కాదు / వేగం పెంచితే రెట్టింపు పుస్తకాలు

రెండు వైపులా అతే. అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్చర్ వీడియోలతో చేసిన ప్రయోగంలో రెండు రెట్ల వేగం దాకా అవగాహన పెద్దగా దెబ్బతినలేదు, రెండున్నర రెట్ల దగ్గర పడిపోయింది. కానీ అవి చిన్న వీడియోలు, పక్కన బొమ్మలుంటాయి. పేర్లతో నిండిన 20 గంటల చరిత్రకు ఆ ఫలితాన్ని అతికించకూడదు.

వేగం పెంచినప్పుడు యాప్ చేసేదేమిటంటే, శబ్దాన్ని కొన్ని పదుల మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒకదానిపై ఒకటి ఎక్కించి అతుకుతుంది. శ్రుతి మారదు కాబట్టి గొంతు కీచుగా రాదు. అచ్చులు ఈ కోతను తట్టుకుంటాయి. ప, బ, త, ద లాంటి క్షణికమైన హల్లులే నలిగిపోతాయి. తెలిసిన మాటను మెదడు పూరించుకుంటుంది. ఎన్నడూ వినని పేరును పూరించుకోలేదు.

లెక్క కూడా చూడండి. 20 గంటల పుస్తకం ఒకటిన్నర రెట్ల వేగంలో 13 గంటల 20 నిమిషాలు, మిగిలింది 6 గంటల 40 నిమిషాలు. అక్కణ్నుంచి రెండుకు పెంచితే అదనంగా దక్కేది 3 గంటల 20 నిమిషాలే. మొదటి అరగంట మామూలు వేగంలో విని గొంతుకూ పేర్లకూ అలవాటు పడండి. తర్వాత కథలా సాగే చోట 1.25 నుంచి 1.5, కొత్త భావన మొదలయ్యే చోట మళ్లీ 1.

అపోహ: ఆడియో కొత్తది కాబట్టి సమాచారమూ కొత్తదే

ఆడియో చివర్లో రెండు సంవత్సరాల అంకెలు చదువుతారు. ఒకటి పుస్తకం కాపీరైటు, రెండోది రికార్డింగుది. రాతలో అయితే ఈ రెండోది వృత్తంలో పీ అక్షరంతో ఉంటుంది. ఈ రెండింటికీ పదిహేనేళ్ల ఎడం ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా అచ్చుప్రతిలో తప్పును తర్వాతి ముద్రణలో దిద్దుతారు. ఆడియోలో దిద్దాలంటే అదే గొంతు, అదే మైకు, అదే గది దూరం కుదరాలి. లేకపోతే అతుకు తెలిసిపోతుంది. అందుకే చాలా పాత తప్పులు అలాగే ఉండిపోతాయి.

పుస్తకం వయసు కనిపెట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. ప్లూటో ఇంకా గ్రహమే అంటే 2006కు ముందుది. అంతరించిన నియాండర్తల్ మానవులతో మన పూర్వీకులకు సంకరం జరగలేదని గట్టిగా చెబితే 2010కి ముందుది. గురుత్వ తరంగాలు ఇంకా దొరకలేదంటే 2016 ఫిబ్రవరి ప్రకటనకు ముందుది. హోమో సేపియన్స్ వయసు రెండు లక్షల ఏళ్లంటే, మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ ఎముకలు దాన్ని దాదాపు మూడు లక్షలకు జరిపిన 2017 సంగతి అందులో లేనట్టే. కిలోగ్రాముకు ప్రమాణం పారిస్ దగ్గరి లోహపు దిమ్మే అంటే 2019 మేకు ముందుది.

మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో ఇంకా జాగ్రత్త. మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ 2011 నాటి తన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’లో ప్రైమింగ్ (ముందు చూసిన మాటో బొమ్మో తెలియకుండానే తర్వాతి ప్రవర్తనను ప్రభావితం చేయడం) గురించి రాసిన అధ్యాయంలో, మరీ చిన్న నమూనాలతో చేసిన ప్రయోగాల్ని అతిగా నమ్మానని 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు విన్న తర్వాతే ఆ అధ్యాయం వినాలి.

అపోహ: యంత్రం గొంతు ఇప్పుడు మనిషికి సాటి

గొంతు సాటి రావచ్చు. తడబాటు వచ్చేది అంకెల దగ్గర. ‘పది ఘాతం తొమ్మిది’ని నూట తొమ్మిది అని చదివేసే యంత్రాలున్నాయి. 1945 పక్కన పాదసూచిక అంకె 3 ఉంటే ఐదంకెల సంఖ్య పుడుతుంది. రాజుల పేర్ల పక్కన రోమన్ అంకెలు ఉత్త అక్షరాలైపోతాయి, ‘క్రీ.పూ.’ రెండు ముక్కలవుతుంది. మనిషి కూడా తప్పు చదువుతాడు, కానీ వాక్యం అర్థం కాకపోతే ఆగుతాడు. యంత్రం అదే ధీమాతో సాగిపోతుంది.

అపోహ: ఎక్కువ బిట్‌రేటు, ఖరీదైన హెడ్‌ఫోన్లు ఉండాలి

బిట్‌రేటు అంటే సెకను ఆడియోకు పట్టే డేటా. ఒక్క గొంతుకు 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) చాలు. గంటకు 29 ఎంబీ, పది గంటల పుస్తకం 290 ఎంబీ లోపే. దానికంటే పట్టించుకోవాల్సింది శబ్దం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 86 దగ్గర వారానికి పది గంటలే, అంటే ఒక మామూలు పుస్తకం. ఇంట్లోకి రోడ్డు రొద వస్తుంటే శబ్దం పెంచే బదులు చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసే ఇయర్‌ఫోన్లు వాడుకోండి. రోడ్డు మీద మాత్రం వాహనాల చప్పుడు వినపడాలి, కాబట్టి ఒక చెవి ఖాళీగా ఉంచండి.

అపోహ: నిద్రలో వింటే మెదడుకు ఎక్కుతుంది

ఎక్కదు. 1950లలోనే సైమన్, ఎమన్స్ అనే పరిశోధకులు మెదడు తరంగాలు చూస్తూ, మనిషి నిజంగా నిద్రపోయాక వినిపించినది గుర్తుండదని తేల్చారు. పడుకునే ముందు వినే అలవాటుంటే స్లీప్ టైమర్ 15 నిమిషాలకు పెట్టండి, అధ్యాయం చివరిదాకా అని పెట్టకండి. కొన్ని చరిత్ర పుస్తకాల్లో ఒక అధ్యాయమే గంటన్నర. మర్నాడు ఆగిన చోటు నుంచి కాకుండా, చివరిగా గుర్తున్న పేరు వచ్చేదాకా వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి.