పంపకానికి లొంగని మండువా

గోదావరి డెల్టాలో ఏ పెద్ద ఊరికి వెళ్లినా తాళం పడిన మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన పాతకాలపు ఉమ్మడి ఇల్లు, ఒకటైనా కనిపిస్తుంది. కారణం అడిగితే పిల్లలు అమెరికాలో ఉన్నారంటారు. నిజమే కావచ్చు. కానీ అదే పిల్లల పొలాలు కౌలుకు పోతూనే ఉన్నాయి, కొబ్బరి తోటల్లో దింపులు సాగుతూనే ఉన్నాయి. ఇల్లొక్కటే ఎవరికీ అక్కరకు రాకుండా పోవడానికి కారణం వలస ఒక్కటే అయి ఉండదు. ఆ ఇంటిని కట్టిన తీరు, మారుతూ వచ్చిన వారసత్వ చట్టం, ఊరి నేలను రెవెన్యూ శాఖ రాసుకున్న పద్ధతి, మూడూ కలిసి ఆ తాళం వేశాయి.

ముందు ఆ ఇళ్లకు డబ్బు ఎక్కడిదో చూడాలి. 1832-33 నాటి నందన కరువుకు చితికిపోయిన సీమలో ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. సరిగ్గా అదే ఏడాది ఇంగ్లీషువాళ్లు రంగూన్‌ను పట్టుకున్నారు. ఆనకట్ట కాలువలు నీళ్లతో పాటు పడవలనూ నడిపించాయి. బర్మా టేకు ఓడల్లో కాకినాడకు చేరి, అక్కడి నుంచి కాలువ మీద లోపలి ఊళ్లకు వచ్చేది. ఏజెన్సీ కొండల కలపను తెప్పలు కట్టి గోదావరిలో దింపేవారు. వరి తెచ్చిన డబ్బు ఒకటి రెండు తరాల్లో టేకు స్తంభాలుగా, దూలాలుగా నిలబడింది. ఇవాళ మిగిలిన లోగిళ్లలో చాలా వాటి వయసు నూరేళ్లకు అటూ ఇటూ.

చుట్టూ వసారాలు, గదులు. నడుమ ఆకాశం కనిపించే మండువా. నాలుగు వైపుల కప్పూ లోపలికే వాలి ఉంటుంది కనుక వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్లూ మండువాలోకే దూకి, ఒక మూలనున్న తూములోంచి బయటికి పోతాయి. రెండు వాలులు కలిసే మూల ఈ ఇంటికి ఆయువుపట్టు. అక్కడ పెంకు ఒకటి జారి రెండు వానాకాలాలు ఎవరూ పట్టించుకోకపోతే కింది దూలం పుచ్చిపోతుంది. అందుకే ఏటా వానలకు ముందు కూన పెంకు సర్దించేవారు. అంటే ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి. వంటిల్లు ఒకటే, గాదె ఒకటే, నుయ్యి ఒకటే. ఉమ్మడి కాపురానికి కట్టిన ఇంట్లో అన్నదమ్ములు విడిపోతే మండువా మధ్యలో గోడ లేవాలి. లేచిన గోడ గాలినీ వెలుతురినీ ఆపేస్తుంది; ఒకరి చూరు నీళ్లు మరొకరి వాటాలో పడతాయి; తూము ఉన్న వాటావాడితో మిగతావారికి తగవు మొదలవుతుంది. పొలానికైతే గట్టు వేసి ఊరుకోవచ్చు.

ఈ ఇళ్లను తలచుకుని మురిసిపోయేవాళ్లు వీధి అరుగు మీద ఊరంతా కూర్చునేదంటారు. ఊరంతా ఎక్కడ కూర్చుంది? పాలేర్లలో చాలామంది పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. అరుగు ఎవరు ఎక్కవచ్చో కులమే చెప్పేది.

కాపురమున్న ఇంటిని పంచడం కష్టమని చట్టం ఏనాడో గుర్తించింది. బయటివాడు అలాంటి ఇంట్లో వాటా కొన్నా కుటుంబంతో కలిసి ఉండే హక్కు అతనికి రాదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 44వ సెక్షన్ చెబుతుంది. అతను విభజన దావా వేస్తే, కోర్టు కట్టిన వెలకు ఆ వాటాను ఇంటివారే కొనుక్కునే వీలు 1893 నాటి విభజన చట్టం ఇచ్చింది. అసలు చిక్కు 1956 హిందూ వారసత్వ చట్టంలో ఉంది. కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చిన ఆ చట్టమే, కాపురమున్న ఇంటిని మాత్రం మగ వారసులు పంచుకోదలచే వరకు పంచమని అడగరాదని 23వ సెక్షన్‌లో కట్టడి చేసింది. పెళ్లయి భర్తతో ఉన్న కూతురికి ఆ ఇంట్లో నివాసపు హక్కు కూడా ఉండేది కాదు. అన్నదమ్ములు ఇంటిని ఉమ్మడిగా వదిలేయడం వెనుక అనురాగం ఎంతో చెప్పలేం గానీ, ఈ సెక్షన్ అండ మాత్రం గట్టిగానే ఉండేది.

ఎన్టీ రామారావు హయాంలో వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లను ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానం చేసింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 23వ సెక్షన్ జోలికీ వెళ్లలేదు. ఆ సెక్షన్ పోయింది 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణతోనే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు రావడానికి ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను కదిలించకూడదు. నోటిమాట పంపకాలను మాత్రం మామూలుగా ఒప్పుకోనక్కరలేదని కూడా అదే తీర్పు చెప్పింది. పల్లెల్లో పెద్దమనుషుల సమక్షంలో జరిగిన ఇంటి పంపకాల్లో నోటిమాటలకు కొదవ లేదు.

ఇక నేల సంగతి. పొలానికి సర్వే నంబరు, పట్టా, సాగు వివరాలు రాసే అడంగలు ఉంటాయి. ఊరి నివాస స్థలం నుంచి భూమి శిస్తు రాదు కనుక బ్రిటిష్ కాలపు సెటిల్‌మెంటు రికార్డులు దాన్నంతా కలిపి గ్రామకంఠమని రాసి వదిలేశాయి. లోపలి ఇళ్లలో ఏది ఎవరిదో, ఎంత కొలతో అందులో ఉండదు. అందువల్ల తరాలుగా ఇంటిపన్ను రశీదే హక్కుకు ఆధారమైంది, దాని మీద తరచుగా ఎప్పుడో పోయిన తాతగారి పేరే ఉంటుంది. ఇలాంటి కాగితాల మీద అప్పు పుట్టడం కష్టం. మరమ్మతు సొమ్ము వాటాదారుల్లో ఒకరు చేతినుంచి పెట్టుకోవాలి. నలుగురి ఇంటికి ఒక్కడు ఎందుకు పెడతాడు?

కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించి, డ్రోన్లతో నివాస స్థలాలను కొలిపించి యజమానులకు ఆస్తి కార్డులివ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది డిసెంబరు 21న భూముల రీసర్వే మొదలైంది. డ్రోను కప్పు కొలతలు తీస్తుంది, కప్పు కింద ఎవరి వాటా ఎంతో చెప్పదు. ఆ మాట వారసులే రాతపూర్వకంగా చెప్పాలి, అందులో మేనత్తలూ అక్కచెల్లెళ్లూ ఉంటారు. అందరూ ఒప్పుకుంటే పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించుకోవచ్చు. ఒప్పుకోకపోతే దావా తప్పదు. పంచడం కుదరదని వేలం కోరాలన్నా కనీసం సగం వాటా ఉన్నవారు కలిసి అడగాలి. అంత దూరం వెళ్లే ఓపిక లేని కుటుంబాలు ఇల్లు విప్పించి, టేకును పాత కలప వ్యాపారికి అమ్ముకుని డబ్బు పంచుకుంటున్నాయి. డబ్బును ఎన్ని భాగాలైనా చేయవచ్చు.