అప్‌డేట్ నొక్కే ముందు

పిల్లలూ,

మీ కంప్యూటర్‌లోనే ఏఐని పెట్టుకోబోతున్నామని రాశారు, చాలా సంతోషం వేసింది. మీరు దానితో చెప్పుకునే మాటలు మీ దగ్గరే ఉంటాయి, ఇంటర్నెట్ పోయినా పని ఆగదు.

అయితే డిస్కులోకి వచ్చి చేరేది ఒకటి కాదు, మూడు. జవాబులు తయారుచేసే మోడల్ ఒకటి. దాన్ని నడిపే ఒల్లామా, లామా.సీపీపీ లాంటి ప్రోగ్రామూ, బ్రౌజర్‌లో కనిపించే చాట్ పేజీ కలిపి రెండోది. మీ చాట్లు, సెట్టింగులు, మీరు ఎక్కించిన ఫైళ్లు మూడోది. మొదటి రెండూ పోతే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మూడోది మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.

మోడల్‌ని ఎంచుకునేటప్పుడు చిన్న లెక్క వేయండి. 700 కోట్ల పారామీటర్లు, అంటే మోడల్ లోపల ఉండే అంకెలు, ఉన్న మోడల్‌లో ఒక్కో అంకెకు 2 బైట్లు పడితే మొత్తం 14 జీబీ. అదే అంకెను 4 బిట్లకు కుదిస్తే దాదాపు 4 జీబీకి దిగుతుంది. దీన్నే క్వాంటైజేషన్ అంటారు. జవాబుల నాణ్యత కాస్త తగ్గుతుంది కానీ 8 జీబీ ర్యామ్‌లో కూడా నడుస్తుంది. పెద్ద మోడల్ కోసం ఆశపడి కంప్యూటర్‌ని ఇబ్బంది పెట్టకండి.

ఇన్‌స్టాల్ అయ్యాక అది ఏ అడ్రస్‌లో నడుస్తోందో చూడండి. 127.0.0.1 అని ఉంటే మీ కంప్యూటర్‌కు మాత్రమే కనిపిస్తుంది. 0.0.0.0 అని ఉంటే అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇతరులు కూడా అందులోకి రాగలరు. అవసరం లేనిదే అలా పెట్టకండి.

ఇక అప్‌డేట్. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. నేను డాకర్‌లో ఒక చాట్ అప్లికేషన్ పెట్టుకున్నాను. డాకర్ అంటే ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం, ఆ పెట్టెనే కంటైనర్ అంటారు. కొత్త వెర్షన్ వచ్చిందని పాత కంటైనర్‌ని ఆపి, తీసేసి, కొత్తది మొదలుపెట్టాను. పేజీ తెరిస్తే కొత్తగా అకౌంట్ తెరవమంది! నెలల తరబడి రాసుకున్న నోట్సు ఒక్కటీ లేదు. కంటైనర్ లోపల రాసినదంతా ఆ కంటైనర్‌ని తీసేయగానే పోతుంది. డేటాను కంటైనర్ బయట, వాల్యూమ్ అనే విడి నిల్వ చోటులో ఉంచి ఉంటే కొత్త కంటైనర్ దాన్నే అందుకునేది. ఆ రోజు పడిన బాధ మీరు పడకూడదు.

వాల్యూమ్ ఉందిలే అని కూడా నిశ్చింతగా ఉండకండి. కొత్త వెర్షన్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు మీ చాట్లు దాచే డేటాబేస్ అమరికను మార్చేయవచ్చు. ఆ తర్వాత పాత వెర్షన్‌కి వెళ్దామన్నా అది ఆ డేటాబేస్‌ని చదవలేకపోవచ్చు. కాబట్టి ముందు అప్లికేషన్‌ని ఆపండి. నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన డేటాబేస్ చేతికొచ్చే ప్రమాదం ఉంది. ఆపాక డేటా ఫోల్డర్ మొత్తం వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఇప్పుడున్న వెర్షన్ నంబర్ కాగితం మీద రాసుకోండి. 'లేటెస్ట్' అని రాసుకుంటే లాభం లేదు, వచ్చే నెల ఆ పేరుతోనే ఇంకో వెర్షన్ ఉంటుంది. కొత్త వెర్షన్‌తో వచ్చే రిలీజ్ నోట్స్‌లో 'బ్రేకింగ్ ఛేంజెస్', అంటే పాత పద్ధతి పనిచేయకుండా చేసే మార్పులు, అన్న భాగం ఉంటే తప్పక చదవండి.

ఇంకో మాట. అప్లికేషన్‌ని అప్‌డేట్ చేసినంత మాత్రాన మోడల్ మారదు. దానికి కొత్త విషయాలు తెలియాలంటే కొత్త మోడల్‌ని విడిగా దించుకోవాలి.

మీ కంప్యూటర్‌లో ర్యామ్ ఎంతుందో, డేటా ఫోల్డర్ ఎక్కడుందో వెతికి నాకు రాయండి. అది చూశాక ఏ మోడల్‌తో మొదలుపెట్టాలో చెబుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ