గ్యాస్ లైను మీద కొబ్బరి నాటకూడదు: డెల్టా ఊళ్ళకీ చమురు సంస్థలకీ మధ్య యాభై ఏళ్ళ లెక్క

కోనసీమ కొబ్బరి తోటల్లో అక్కడక్కడా చెట్టన్నది లేని బాట ఒకటి తోటను రెండుగా చీల్చుకుంటూ పోతుంది. దాని కింద గ్యాస్ లైను ఉంటుంది. పొలం రైతుదే, పాస్‌బుక్కూ రైతు పేరు మీదే. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం ప్రకారం సంస్థ భూమిని కొనదు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటుంది. గెజిట్‌లో ప్రకటన వచ్చాక అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజుల గడువు. ఆ హక్కుకు ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పోయిన చెట్లకు, పంటకు వేరే లెక్క కడతారు. ఆ తర్వాత ఆ జాగాలో ఇల్లు కట్టకూడదు, బావీ చెరువూ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

వరి రైతుకు ఇది అంత ఇబ్బంది కాకపోవచ్చు. లైను వేసి పూడ్చేశాక మళ్ళీ ఊడ్చుకుంటాడు. తాత వేసిన చెట్టు కాయలు మనవడు దింపించే చోట సంగతి వేరు. ఆ చట్టం రాసినప్పుడు కొబ్బరి రైతు ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు.

కేంద్ర ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ ఈ ప్రాంతానికి వచ్చి దాదాపు యాభై ఏళ్ళయింది. 1970ల చివర్లో నర్సాపురం దగ్గర తవ్వకాలు మొదలయ్యాయి. 80ల నాటికి రాజోలు, తాటిపాక, పాసర్లపూడి పేర్లు చమురు పటాల్లోకి ఎక్కాయి. ఇక్కడి గ్యాస్ కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీకి, జేగురుపాడు, కొండపల్లి విద్యుత్ కేంద్రాలకు వెళ్ళింది. 2001లో తాటిపాకలో చిన్న రిఫైనరీ కూడా పెట్టారు. బావి తవ్వే రిగ్గు వస్తే ఊరికి తారు రోడ్డు, ఇంటికో ఉద్యోగం అనుకున్నారు జనం. రోడ్లు చాలాచోట్ల వచ్చాయి, వాటి మీద బరువు లారీలు కూడా వచ్చాయి. ఊరి కుర్రాళ్ళకు దొరికినవి ఎక్కువగా కాంట్రాక్టు పనులు: వాచ్‌మెన్, డ్రైవరు, క్యాంటీను.

బయటివాళ్ళంటే డెల్టాకు సహజంగా అనుమానమని అనడానికి లేదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు ఇక్కడ ఊరూరా విగ్రహాలున్నాయి. నీళ్ళు వచ్చాయి కాబట్టి నమ్మారు, అది నిజమే. దానితో పాటు ఇంకోటి కూడా ఉంది. కాలువకో లస్కరు, అంటే నీళ్ళు వదిలే మనిషి ఉండేవాడు. వంతు తప్పితే రైతు వెళ్ళి అతని మీద అరిచేవాడు, అక్కడ తేలకపోతే లాకుల దగ్గర ఇంజనీరు దాకా పోయేవాడు. గ్యాస్ బావి కంచె దగ్గర అలా అడగడానికి దొరికేది సెక్యూరిటీ గార్డు ఒక్కడే. అతనూ కాంట్రాక్టు మనిషే.

1995 జనవరి 8న పాసర్లపూడి-19 బావి బ్లోఅవుట్ అయింది. తవ్వుతుండగా లోపలి ఒత్తిడి అదుపు తప్పి, గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులను రప్పించినా మంట ఆరేసరికి మార్చి 15 అయింది, అంటే 65 రోజులు. అప్పటికి ఊహ తెలిసిన వాళ్ళను అమలాపురంలో ఎవరిని కదిపినా రాత్రిళ్ళు పగల్లా వెలిగిన సంగతి చెబుతారు. మన ఇళ్ళ మధ్య జరుగుతున్నది ఎలాంటి పనో ఊళ్ళకు మొదటిసారి తెలిసింది అప్పుడే. అంతకుముందు అడగడానికి వేదికంటూ లేదు. ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసిన ప్రకటన 1994లో వచ్చింది, అందులో ప్రజాభిప్రాయ సేకరణను చేర్చింది 1997లో.

అదే 1997లో ప్రపంచ బ్యాంకు సమావేశం ఒకదానిలో ప్లేసర్ డోమ్ అనే కెనడా గనుల సంస్థకు చెందిన జిమ్ కూనీ ‘సోషల్ లైసెన్స్’ అన్న మాట తెచ్చాడు. ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు చాలదు, ఊరు కూడా ఒప్పుకోవాలి అన్నది దాని సారం. ఇది దయతో పుట్టిన ఆలోచన కాదు. అంతకు ముందు ఏడాది ఫిలిప్పీన్స్‌లోని మారిండుకే దీవిలో ఆ సంస్థకు వాటా ఉన్న మార్కాపర్ గని నుంచి వ్యర్థాలు బోవాక్ నదిలోకి పొర్లాయి. ఊళ్ళు తిరగబడితే గని నడవదని దెబ్బ తిన్నాకే తెలిసింది. మన సంస్థల వార్షిక నివేదికల్లోకి ఈ భాష త్వరగానే వచ్చింది. నాగారం దాకా మాత్రం రాలేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నాగారంలో, తాటిపాక నుంచి కొండపల్లి వెళ్ళే గెయిల్ (గ్యాస్ రవాణా చేసే ప్రభుత్వ సంస్థ) లైను పగిలింది. గ్యాస్ ఊరి మీద పరుచుకుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో గట్టిగా చెప్పుకున్నారు. ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి, ఇరవై మందికి పైగా చనిపోయారు. విచారణలో బయటపడ్డది తుప్పు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే ద్రవ ఇంధనం) కలిసిన గ్యాస్ పంపారు. ఆ తడికి ఇనుము లోపలి నుంచి తినేసుకుపోయింది. మృతుల కుటుంబాలకు గెయిల్, కేంద్రం, రాష్ట్రం కలిపి రూ. 25 లక్షల చొప్పున ప్రకటించాయి.

లీకుల సంగతి ముందే చెప్పామనీ, ఎవరూ పట్టించుకోలేదనీ గ్రామస్తులు అన్నారు. ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా ఆపేది ఆ మాటే. గ్యాస్ తీసేది ఒక సంస్థ, లైను ఇంకో సంస్థది, కొనేది మూడోది. వాసన వస్తోందని చెప్పడానికి వెళ్ళే మనిషికి ఈ పంపకాలన్నీ తెలిసి ఉండాలా? ప్రమాదాలు ఏ పరిశ్రమలోనైనా జరుగుతాయి, ఆ సంగతి ఊళ్ళకూ తెలుసు. ముందే చెప్పినా వినలేదన్న దానికి మాత్రం పరిహారంలో పద్దు ఉండదు.

సముద్రం వైపు కథలో మంటలు లేవు, ఎదురుచూపులున్నాయి. 2002లో రిలయన్స్‌కు ఈ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ-డీ6 క్షేత్రంలో గ్యాస్ పడింది. 2009లో ఉత్పత్తి మొదలై కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరింది, అక్కడి నుంచి పైపులో గుజరాత్‌లోని భరూచ్ దాకా పోయింది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ కూడా ఈ తీరంలోనే తవ్వింది. 2012లో ఆ తవ్వకాల వల్ల ముమ్మిడివరం ప్రాంతపు మత్స్యకారులకు వేట పోయింది. నెలకు రూ. 6,750 లెక్కన కొన్ని నెలలు ఇచ్చి ఆపేశారు. 2017లో జీఎస్‌పీసీ తన 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అమ్ముకుంది, బాకీ మాత్రం తీరలేదు. చివరికి 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వమే 16,559 కుటుంబాలకు రూ. 47,250 చొప్పున ఇచ్చింది. అంటే ఏడు నెలల డబ్బుకి ఏడేళ్ళు. 2022 మేలో మురమళ్ళలో, ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల నష్టపోయిన 23,458 కుటుంబాలకు నెలకు రూ. 11,500 చొప్పున నాలుగు నెలల పరిహారం అందింది. ఈసారి రేటు పెరిగింది, ఆలస్యం తగ్గింది. వాటా చేతులు మారినప్పుడు పాత బాకీ ఎవరిదో ముందే రాసుకుంటే ఆ ఏడేళ్ళు ఉండేవే కావు.

ఇక నేల కుంగుతోందన్న భయం. గ్యాస్ తోడేయడం వల్లే భూమి దిగుతోందనీ, అందుకే ఉప్పునీరు ఎగదన్నుతోందనీ తీర గ్రామాల్లో బలంగా నమ్ముతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం పరిశోధనలు వేలు చూపించింది ముఖ్యంగా పైనున్న డ్యాముల వైపు. 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న ఒండ్రు 2000 తర్వాత ఆరు కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మేట తగ్గితే డెల్టా కోతకు గురవుతుంది. అలాగని గ్యాస్‌కు ఏ పాత్రా లేదని తేల్చేయడం కూడా తొందరపాటే. బావుల దగ్గర నేల మట్టం ఏడాదికేడాది కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడకు అంటిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

డబ్బు సంగతికొస్తే, 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. బడి గదులు, మంచినీటి ప్లాంట్లు, సంస్థ పేరు పెద్దక్షరాల్లో రాసిన బస్ షెల్టర్లు దాని నుంచే వస్తాయి. ఎక్కడ ఎంత పెట్టాలో తేల్చేది కంపెనీ బోర్డు. బొగ్గు తవ్వే చోట 2015 నుంచి జిల్లా మినరల్ ఫౌండేషన్ ఉంది, గని ఉన్న జిల్లాకు చట్ట ప్రకారం వాటా వెళ్తుంది. చమురు, గ్యాస్ ఆ గనుల చట్టం కిందికి రావు కాబట్టి కోనసీమకు అది లేదు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోది కేంద్రానికి పోతుంది. బావి ఉన్న ఊరికి ఇంత అని చట్టంలో ఎక్కడా లేదు. వంటింటికి పైపు గ్యాస్ ఇచ్చే గోదావరి గ్యాస్ సంస్థ కూడా 2016లో గానీ ఏర్పడలేదు.

2020 జనవరి 16న కేంద్రం పర్యావరణ నిబంధన మార్చింది. చమురు, గ్యాస్ అన్వేషణను బీ2 విభాగంలోకి దించింది, అంటే అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. పైపులైన్లకైతే, అభయారణ్యాల్లాంటి చోట్ల గుండా వెళ్తే తప్ప, పర్యావరణ అనుమతి అవసరం అప్పటికే లేదు. ఊరు కుర్చీలు వేసుకుని కూర్చుని కలెక్టరేట్ అధికారుల ముందు మాట్లాడే సభ ఇప్పుడు గ్యాస్ పడ్డాక, ఉత్పత్తి దశలోనే జరుగుతుంది. అప్పటికి రిగ్గు రావడం, పొలం లీజుకు రాయించుకోవడం, రోడ్డు వెయ్యడం అన్నీ అయిపోయి ఉంటాయి.