కీలుకి బ్రేకులు కండల్లోనే ఉంటాయి

ఎవరూ తగల్లేదు, ఎవరూ తోయలేదు. హ్యాండ్‌బాల్ ఆడే అమ్మాయి బాల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఎదురొచ్చిన డిఫెండర్‌ని తప్పించుకోడానికి ఒక్కసారి కాలు గట్టిగా ఆనించి పక్కకి తిరిగింది అంతే, మోకాలు లోపలికి వాలిపోయి కింద పడిపోయింది. మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. ఏసీఎల్ దెబ్బల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, ఇంకొకరు గుద్దడం వల్ల కాదు, తన ఒంటి బరువు తన మోకాలి మీద తప్పు కోణంలో పడటం వల్ల. నార్వే రీసెర్చర్లు ఇలాంటి 10 దెబ్బల వీడియోలు ఒక్కో ఫ్రేమ్ ఆపి ఆపి లెక్కలు కట్టి 2010లో చెప్పిందేంటంటే, పాదం నేలకి తగిలిన తర్వాత సుమారు 40 మిల్లీసెకన్లలోనే ఆ లిగమెంట్ తెగిపోయి ఉంటుంది అని. కంటి రెప్ప ఒకసారి పడి లేవడానికే కనీసం 100 మిల్లీసెకన్లు పడుతుంది.

ఈ 40 అనే అంకె దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు విషయం అంతా అక్కడే ఉంది. మోకాలు జారుతోందని నరాలకి తెలిసి, వెన్నుపాముకి కబురెళ్ళి, అక్కడ్నించి కండకి ఆర్డర్ వచ్చి, కండ బిగుసుకుని సరిపడా బలం పుట్టించేసరికి ఆ టైమ్ దాటిపోతుంది. అంటే జారాక పట్టుకోవడం కుదరదు. పాదం నేలకి ఆనకముందే కండలు బిగుసుకుని సిద్ధంగా ఉండాలి, ఆ బిగువుకి తగ్గ బలమూ ఉండాలి. ఈ రెండూ మ్యాచ్‌లో అప్పటికప్పుడు రావు, నెలల తరబడి బరువులతో చేసిన ప్రాక్టీస్ వల్లే వస్తాయి.

కీలు అంటే ఎముకలు కలిసే చోటు, దాన్ని కట్టి ఉంచేవి లిగమెంట్లు. లిగమెంట్ తాడు లాంటిది, అది తనంతట తాను లాగలేదు, చివరిదాకా సాగాక మాత్రమే ఆపుతుంది, అప్పటికీ ఆగకపోతే తెగుతుంది. కండ అలా కాదు, ముందే లాగగలదు, ఎంత లాగాలో మార్చుకోగలదు, దూకి దిగినప్పుడు వచ్చే దెబ్బని నెమ్మదిగా మింగగలదు. ఏసీఎల్ పని ఏంటంటే కింది కాలి ఎముక ముందుకి జారకుండా ఆపడం. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండలు కూడా అదే ఎముకని వెనక్కి లాగి పట్టుకుంటాయి, అంటే ఒకే పనికి ఇద్దరు కాపలా అన్నమాట. తొడ ముందు కండలు మోకాలు కొద్దిగానే వంగి ఉన్నప్పుడు ఆ ఎముకని ముందుకి లాగుతాయి, అందుకే ముందు కండ బాగా బలిసి వెనక కండ బలహీనంగా ఉంటే ఏసీఎల్ మీద భారం పెరుగుతుంది. ఇక మోకాలు లోపలికి వాలిపోకుండా చూసేది మోకాలి దగ్గరి కండ మాత్రమే కాదు, పిరుదు పక్కన ఉండే కండలు కూడా. మోకాలి నొప్పికి ఫిజియో తుంటి ఎక్సర్‌సైజులు ఎందుకు ఇస్తున్నారా అని చాలామందికి అర్థం కాదు, కారణం ఇదే.

చాలా టీముల్లో గ్రౌండ్‌కి రాగానే పావుగంట స్ట్రెచింగ్ చేసేసి, దెబ్బలు తగలకుండా చేయాల్సింది చేసేశాం అనుకుంటారు. 2014లో 25 ట్రయల్స్, మొత్తం 26 వేల మందికి పైగా మనుషుల లెక్కలు కలిపి చూస్తే స్ట్రెచింగ్ వల్ల దెబ్బలు తగ్గినట్టు దాదాపు ఏమీ కనపడలేదు, బలం పెంచే ట్రైనింగ్ వల్ల మాత్రం దెబ్బలు మూడో వంతు కన్నా తక్కువకి పడిపోయాయి. అందులో బలం మీద చేసిన ట్రయల్స్ కొన్నే, కాబట్టి ఆ అంకెనే పట్టుకుని వేలాడకూడదు, కానీ ఆ లెక్కలు కట్టిన రీసెర్చర్లలోనే కొందరు 2018లో కేవలం బలం ట్రయల్స్ 6 తీసుకుని, 7,738 మందిని మళ్ళీ లెక్కేస్తే సగటున 66 శాతం తగ్గుదల వచ్చింది. స్ట్రెచింగ్ చెడ్డదని నేను అనట్లేదు, ఒళ్ళు వంగడానికి అది మంచిదే, కానీ బలం పని అది చేయలేదు. పైగా పూర్తిగా కిందకి దిగుతూ, పూర్తిగా పైకి లేస్తూ బరువులు చేస్తే ఒళ్ళు కూడా దాదాపు అంతే వంగుతుందని తర్వాతి స్టడీలు చూపించాయి.

నాకు అన్నిటికన్నా నచ్చిన ట్రయల్ మాత్రం డెన్మార్క్‌లో జరిగింది, 2011లో వచ్చింది. 50 ఫుట్‌బాల్ టీములు, 942 మంది ప్లేయర్లు. సగం టీములు మామూలుగా ఆడుకున్నాయి, మిగతా సగం 10 వారాల పాటు నార్డిక్ హామ్‌స్ట్రింగ్ అనే ఒకే ఒక్క ఎక్సర్‌సైజ్ అదనంగా చేశాయి. దీనికి మెషీన్ అక్కర్లేదు, డంబెల్ కూడా అక్కర్లేదు. మోకాళ్ళ మీద నిలబడితే వెనక నుంచి ఒకళ్ళు చీలమండలు గట్టిగా పట్టుకుంటారు, నడుము వంచకుండా ఒళ్ళంతా ఒకే గీతలా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకి వాలాలి, ఇక ఆపలేం అన్నప్పుడు చేతులు నేలకి ఆనించుకోవాలి. ఆ సీజన్‌లో ఎక్సర్‌సైజ్ చేసిన వాళ్ళలో హామ్‌స్ట్రింగ్ దెబ్బలు 15, చేయని వాళ్ళలో 52. ఇక్కడ బలం వస్తున్నది కండ పొడుగు సాగుతూనే బరువుని ఆపడం వల్ల, దీన్నే ఎక్సెంట్రిక్ అంటారు, పరుగులో కాలు ముందుకి విసిరినప్పుడు, దూకి దిగినప్పుడు, సడెన్‌గా ఆగినప్పుడు కండ చేసేది సరిగ్గా ఈ పనే. అందుకే బరువు ఎత్తడం మీద ఉన్న శ్రద్ధ దించడం మీద కూడా ఉండాలి, చాలామంది పైకి కష్టపడి ఎత్తి కిందకి వదిలేస్తారు, అసలు లాభం వదిలేసిన ఆ సగంలోనే ఉంది.

గజ్జ దగ్గర నొప్పికి ఇలాగే కోపెన్‌హాగెన్ అడక్షన్ అనే ఎక్సర్‌సైజ్ ఉంది, నార్వేలో 35 టీముల మీద పెట్టి చూస్తే గజ్జ సమస్యలు 41 శాతం తగ్గాయి. హ్యాండ్‌బాల్ ప్లేయర్ల భుజాలకి చేసిన ప్రోగ్రామ్‌లో 28 శాతం. అదే నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల ఫుట్‌బాల్ టీములకి బలం, బ్యాలెన్స్, దూకి సరిగ్గా దిగడం కలిపిన 20 నిమిషాల వార్మప్ నేర్పిస్తే పెద్ద దెబ్బలు దాదాపు సగానికి పడిపోయాయి, మానకుండా చేసిన టీములకి లాభం ఇంకా ఎక్కువ.

అంత మంచిదైతే రేపట్నించే బరువులు మోసేద్దాం అనుకునే వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. కండ త్వరగా మారుతుంది, టెండన్ మారదు. కండని ఎముకకి కలిపే పట్టీ టెండన్, అది ఎంత నిదానమో తెలిసింది చాలా వింతగా. 1950ల్లో, 60ల మొదట్లో చేసిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది, కాబట్టి ఒంట్లో ఏ భాగం ఏ సంవత్సరంలో తయారైందో అందులో ఉన్న కార్బన్-14 చూసి చెప్పొచ్చు. డెన్మార్క్ వాళ్ళు 2013లో మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్ ముక్కలు ఇలా పరీక్షిస్తే, దాని లోపలి భాగం సుమారు 17 ఏళ్ళ వయసు వచ్చేదాకా తయారైందే, ఆ తర్వాత దాదాపు కొత్తది రాలేదు అని తేలింది. అంటే యాభై ఏళ్ళ మనిషి టెండన్‌లో లోపల ఉన్న సరుకు టీనేజ్‌లోదే! బరువులు చేస్తే టెండన్ గట్టిపడుతుంది, అది నిజమే, కానీ నెలలు పడుతుంది. గట్టి సెషన్ తర్వాత మొదటి ఒకటి ఒకటిన్నర రోజులు అందులో కొలాజెన్ (టెండన్‌కి గట్టిదనం ఇచ్చే ప్రోటీన్) తయారయ్యే దానికన్నా విరిగేదే ఎక్కువ, ఆ తర్వాతే లెక్క లాభంలోకి వస్తుంది. అందుకే ఒకే భాగానికి రోజూ గట్టి బరువులు పెడితే ఆ లాభం వచ్చేలోపే మళ్ళీ దెబ్బ కొట్టినట్టు. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు రెండో నెలలో బలం పెరిగిందన్న ఊపులో బరువు ఒక్కసారిగా పెంచేసి మోచేయో మోకాలో పట్టేసిందని కూర్చోడం ఇందుకే, కండ రెడీ అయింది, టెండన్ ఇంకా అవలేదు.

ఎముకల చివర ఉండే కార్టిలేజ్‌కి రక్తనాళాలే లేవు, నొక్కి వదిలినప్పుడు స్పాంజ్‌లా కీలులోని ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది, కాబట్టి బరువు పడితే కీళ్ళు అరిగిపోతాయి అనే భయం చాలావరకు తలకిందుల ఆలోచన. ఇంకో భయం పిల్లల ఎదుగుదల ఆగిపోతుందని. పక్కన తెలిసిన వాళ్ళు ఉండి సరైన పద్ధతిలో చేయిస్తే అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు, అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఇదే చెప్తోంది. పూర్తిగా కిందకి స్క్వాట్ చేస్తే లిగమెంట్లు వదులైపోతాయని 1961లో టెక్సాస్ యూనివర్సిటీ ఆయన ఒకరు రాస్తే అది దశాబ్దాల పాటు పాకిపోయింది, తర్వాత చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు.

ప్రతిసారీ పనిచేసిందని కూడా అనలేం. న్యూయార్క్ మారథాన్ మొదటిసారి పరిగెత్తబోతున్న 720 మందిలో సగం మందికి వారానికి 3 సార్లు, సారికి 10 నిమిషాలు, ఇంట్లో సొంతంగా చేసుకునే బలం ఎక్సర్‌సైజులు 12 వారాలు ఇచ్చారు. అతివాడకం దెబ్బల్లో, అంటే ఒకే భాగాన్ని పదేపదే వాడటం వల్ల వచ్చే వాటిలో, తేడా రాలేదు. నా ఉద్దేశంలో రెండు కారణాలు, కండకి కష్టం అనిపించేంత బరువు లేదు, పక్కన చూసేవాళ్ళు లేరు. పైగా పరుగులో దెబ్బ ఎక్కువగా కిలోమీటర్లు తొందరపడి పెంచడం వల్ల వస్తుంది, దాన్ని పది నిమిషాల ఎక్సర్‌సైజ్ కప్పిపుచ్చలేదు.

అందుకే బరువు ఎంత అంటే, 6 నుంచి 10 సార్లు చేస్తే చివరి రెండూ నిజంగా కష్టంగా ఉండాలి, కానీ పద్ధతి చెడకూడదు. దించడానికి మూడు సెకన్లు. సీజన్ లేనప్పుడు వారానికి 2 లేదా 3 రోజులు, సీజన్ మొదలయ్యాక వారానికి ఒక్కరోజు గట్టిగా చేసినా వచ్చిన బలం చాలావరకు నిలుస్తుంది, మ్యాచులున్నాయని పూర్తిగా మానేయడమే తప్పు, దెబ్బ తగిలేది ఎక్కువగా ఆ నెలల్లోనే కదా.

ఇప్పటికే ఏసీఎల్ తెగి ఆపరేషన్ అయిన వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. ఆపరేషన్ తర్వాత తొడ ముందు కండ బాగా తగ్గిపోతుంది, కీలు వాచి ఉంటే కండకి వెళ్ళే నరాల సిగ్నలే తగ్గిపోతుంది, మనిషి ఎంత ప్రయత్నించినా కండ పూర్తిగా బిగుసుకోదు. 2016లో వచ్చిన స్టడీలో 106 మందిని రెండేళ్ళు గమనిస్తే, ఆటలోకి తిరిగి రావడం ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్ళీ మోకాలి దెబ్బ తగిలే రేటు 51 శాతం తగ్గుతూ వచ్చింది, 9 నెలల దాకా. ఇంకో లెక్క కూడా అందులోనే ఉంది, మంచి కాలి బలంతో పోలిస్తే దెబ్బతిన్న కాలి ముందు కండ బలం ఒక్కో శాతం పెరిగినకొద్దీ మళ్ళీ దెబ్బ తగిలే రేటు 3 శాతం తగ్గింది. నొప్పి లేదు కాబట్టి ఆరో నెలలోనే దిగిపోతాను అనే ప్లేయర్‌ని ముందు రెండు కాళ్ళ బలం విడివిడిగా కొలిపించుకోమనండి. నొప్పి పోయిన చాలా రోజులకి గానీ ఆ రెండు అంకెలు దగ్గరికి రావు.